రంగు తగలని అంకెలు

మా మేస్త్రి పోయారని ఆయన కూతురు ఫోన్ చేసినప్పుడు నేను నెల్లూరులో కూరల బండి దగ్గర బెండకాయలు విరిచి చూస్తున్నాను. “టీచరమ్మా, అబ్బాజాన్ పొద్దున నమాజుకు లేవలేదమ్మా” అంది. బండివాడు రెండుసార్లు కేకేసేదాకా నేనెక్కడున్నానో నాకు తెలియలేదు.

అల్లూరు అవతల ఉప్పుకాలవ పక్కన, మడ అడవి అంచున నాకు కాస్త ఇసుకనేల ఉంది. రిటైరయ్యాక అక్కడ ఒంటిగది వేసుకుని పిట్టలను చూస్తూ గడపాలని నా పిచ్చి. ముప్పయ్యేళ్ళు సైన్సు చెప్పినదాన్ని, నాకు తెలియందేముంది? మేస్త్రి రాకముందే రెండు ట్రాక్టర్ల గ్రావెల్ తోలించి చదును చేయించేశాను.

ఆయన చెప్పులు విడిచి ఆ గ్రావెల్ మీద నాలుగడుగులు వేశారు. “ఏంది టీచరమ్మా ఇది? అడవి పక్కన ఉండాలని వచ్చి అడవికే రోడ్డు ఏసినావే!” అన్నారు. నాకు కోపం నషాళానికి అంటింది. గ్రావెల్ మొత్తం గంపలతో ఎత్తించేదాకా ఆయన టేపు బయటికి తీస్తే ఒట్టు. తర్వాత నాలుగు కర్రలు పాతి, దారం కట్టి, ఒక వానాకాలం అలాగే వదిలేశారు. “నీళ్ళు యాడ నడస్తాయో చూడకుండా నేను కట్టను” అన్నారు. వానలకు ఆ దారాల మధ్యలోంచే చిన్న పాయ పారింది. మేస్త్రి కర్రలు పదడుగులు పక్కకు జరిపారు.

పునాది తవ్వలేదు, సిమెంటు కలపలేదు. బల్లపరుపు రాళ్ళ మీద సరుగుడు స్తంభాలు, పైన తాటాకు. ఇనప మేకు ఒక్కటీ లేదు, అన్నీ చెక్క సీలలే. “ఇది విప్పేదానికే కట్టినా. కాలవ ఇటు తిరిగితే ఎనక్కి జరుపుకో. నువ్వు పోయినాక ఈ నేల మళ్ళీ నేల మాదిరే ఉండాల” అనేవారు. ప్రతి సీల పక్కనా పెన్సిల్‌తో అంకెలు వేశారు, ఏది ముందు విప్పాలో తెలియడానికి. ఆ పెన్సిల్ ముక్క ఎప్పుడూ ఆయన చెవి మీదే. టీ తాగేటప్పుడు మాత్రం తీసి గ్లాసు పక్కన పెట్టి, “దానికీ రెస్టు కావాల గదమ్మా” అనేవారు.

ఇక నా తెలివి చూడండి. గృహప్రవేశానికి చుట్టాలొస్తారని, గీతలు అసహ్యంగా ఉన్నాయని, గది మొత్తానికి ఆకుపచ్చ పెయింటు కొట్టించాను. మేస్త్రి చూసి గడ్డం నిమురుకుంటూ వెళ్ళిపోయారు. మరుసటి వారం సీలలు వదులయ్యాయేమో చూస్తానని ఒక్కరే వచ్చి, పొద్దంతా ఏదో చేసుకుని వెళ్ళారు.

ఆయన పోయిన నెలకు వాయుగుండం పట్టింది. కాలవ ఒడ్డు కోసుకుంటూ నా ముందు స్తంభానికి రెండు బారల దూరానికి వచ్చేసింది. తండ్రి దగ్గరే పని నేర్చిన కూతురు ఇద్దరు మనుషులతో పరుగున వచ్చింది. గది కట్టిన రోజుల్లో ఆ పిల్ల చంటిబిడ్డతో అత్తగారింట ఉంది. “ఏ సీల ముందు తీయాలో తెలీదమ్మా. తప్పు తీస్తే కప్పు మా మీదే పడతాది” అంది. నా పెయింటే నా కొంప ముంచిందని కూలబడి ఏడ్చాను.

ఆ పిల్ల మాత్రం దూలం కింద వెల్లకిలా పడుకుని సెల్‌ఫోన్ లైటు వేసింది. “టీచరమ్మా, ఇట్ట రండి!” అని ఒక్క కేక పెట్టింది. సీలల వెనక కొసల మీద, పెయింటు ఎండాక ఉలితో చెక్కిన అంకెలు. ఒకటి, రెండు, మూడు... ఆకుపచ్చ మధ్య పచ్చి చెక్క రంగులో. ఆ రోజు ఆయన ఎందుకొచ్చారో నాకప్పుడు అర్థమైంది. నన్ను ఒక్క మాట అనకుండా నా తప్పు దిద్ది వెళ్ళారు, మహానుభావుడు.

సాయంత్రానికి విప్పాం. మూడు రోజుల్లో నలభై అడుగులు వెనక గది మళ్ళీ లేచింది. ఈసారి పెయింటు ఊసెత్తలేదు. కూతురు వాళ్ళ నాన్న పెన్సిల్ చెవి మీద పెట్టుకుని పెయింటు కింద పోయిన అంకెలన్నీ సీలల పక్కన మళ్ళీ వేసింది. టీ ఇస్తే, దాన్ని తీసి గ్లాసు పక్కన పెట్టింది.

మర్నాడు పొద్దున పాత చోటుకి వెళ్ళి చూశాను. రాళ్ళు ఆనిన గుర్తులు ఇసుకలో లీలగా ఉన్నాయి. వాటిలో ఒకదాని నడుమ ఎర్రపీత అప్పుడే బొరియ తవ్వుకుంటూ, తడి ఇసుక ఉండలు చేసి బయటికి తోస్తోంది.