విప్పని మడత

మిల్టన్‌లో రైలు దిగి మంచులో తడిసి ఇంటికొస్తాను. ఉన్ని కోటు హీటరు దగ్గర ఆరుతుంటే ఒక పాత వాసన లేస్తుంది. ఆ వాసనకు నేను సగం నిద్రలోకి జారి మరియం గారి గదిలో తేలతాను.

నలభై దాటాక చదువుకని లండన్ వెళ్ళాను. రాణిగారి లండన్ కాదు, కెనడాలో ఒంటారియోలోది. మన పిల్లలు విమానాల కొద్దీ దిగుతున్న రోజులవి. ఒక్కో బేస్‌మెంట్‌లో ఒక చిన్న జిల్లా కాపురముండేది. "ఆంటీ, మాకు వేర్‌హౌస్‌లో షిఫ్టే దొరకట్లే, మీకు మ్యూజియమా?" అని మా రూమ్మేట్ స్రవంతి రోజూ కుళ్ళుకునేది.

నాకు పని దొరికిన ఆ మ్యూజియంలో పాత బట్టల గదికి ఈజిప్టు నుంచి వచ్చిన మరియం గారు ఏలిక. ఆవిడ కళ్ళద్దాల్లోంచి చూస్తే దారప్పోగు తాటిదూలమంత కనిపించేది. ఆవిడ ఇంగ్లీషు అరబ్బీలో నానింది, నాది తెలుగులో వేగింది. ఒకరికొకరం బ్రహ్మాండంగా అర్థమయ్యేవాళ్ళం. పొద్దున్నే సొరుగులు తెరిచి, పదిహేను వందల ఏళ్ళ నాటి ఈజిప్టు ఉన్ని చొక్కాల మీద నేసిన క్రైస్తవ పునీతులను పక్కింటివాళ్ళను పలకరించినట్టు పలకరించేవారు. ఆ పునీతుల కళ్ళు ఎంత పెద్దవంటే, ముఖంలో ముక్కుకు అద్దెకైనా చోటు దొరకలేదు. ఒకాయన ఎక్కిన గుర్రం అచ్చం మేకే. నేను నవ్వితే, "నవ్వు, ఆయనేం అనుకోడు. చలికీ దిష్టికీ భుజం మీద ఆయనే కాపలా," అన్నారు.

ఒకసారి ఒక చంటిపిల్ల చొక్కాను ప్రదర్శనకు తీశాం. నడుము దగ్గర అడ్డంగా మడత పెట్టి కుట్టేసి ఉంది. లోపల వెలుగు తగలని రంగులూ ఇంకొందరు పునీతులూ దాక్కున్నారు. విప్పి చూపించమని డైరెక్టరుగారి ఆదేశం. చూడాలని నాకూ ప్రాణం లాగేసింది. మరియం గారు సన్న కత్తెర నా చేతికిచ్చారు.

చెయ్యి కదల్లేదు.

"ఏమైంది?"

"మా వైపు ఆడపిల్లల పరికిణీకి ఇలాగే మడత వేసి కుడతామండీ. పిల్ల పొడుగయ్యే కొద్దీ విప్పుతాం."

ఆవిడ కళ్ళద్దాలు తీసేశారు. ఈ మడతను ఎవరూ విప్పలేదు. ఆ చొక్కా సమాధిలో దొరికిందని ఇద్దరికీ ముందే తెలుసు. అర్థమైంది మాత్రం అప్పుడే.

డైరెక్టరుగారు వచ్చి, "అయిందా?" అన్నారు.

"లేదు. అది వాళ్ళమ్మ విప్పాల్సిన కుట్టు."

"జనం రంగుల కోసం వస్తారు, మరియం."

"అయితే ఈ గది తాళాలు మీరే తీసుకోండి," అని బల్ల మీద పెట్టారావిడ.

ఆయన తాళాల వంక చూశారు, చొక్కా వంక చూశారు. తాళాలు బల్ల మీదే వదిలేసి వెళ్ళిపోయారు. చొక్కా మడతతోనే అద్దాల పెట్టెలోకి చేరింది.

మా అమ్మాయి ఇప్పుడు నాకంటే పొడుగు. దాని చిన్నప్పటి పరికిణీ నా బీరువాలో ఉంది. "అమ్మా, జస్ట్ డొనేట్ ఇట్," అంటుంది. నేను ఇవ్వను. విప్పేసిన కుట్ల గుర్తులు అంచు మీద మెట్లు మెట్లుగా ఉంటాయి. అప్పుడప్పుడు తీసి, ఎక్కడా మడత మిగల్లేదు కదా అని వేలితో తడిమి చూసుకుంటాను.