వాత పెట్టిన మోటారు

మా అవ్వ జానమ్మ ఒక్కరి మాట ఎన్నడూ నమ్మి ఎరగదు. ఎవరేం చెప్పినా "ఇంకొకల్లను అడుగుదాం" అనేది. నడినెత్తిన ఎండ మాడుతుంటే "పొద్దెక్కింది అత్తా" అని అల్లుడు చెప్పినా, గడప దిగి పక్కింటి సత్తమ్మను అడిగి వచ్చేది. పెండ్లిచూపుల్లో పిల్లవాడు తన పేరు సైదులు అని చెప్పగానే, అతని మేనమామ వైపు తిరిగి "నిజమేనా?" అన్నది. ఆ పిల్లవాడే మా నాయిన. ఇల్లరికం వచ్చిన పాపానికి ఇదంతా చూశాడు.

కూర దించాక ఉప్పు చూడటం మరో తతంగం. తన నాలుక చెప్పిన మాట కూడా అవ్వకు చాలదు. గిన్నె నిండా కూర, మీద రెండు జొన్నరొట్టెలు పెట్టుకుని సత్తమ్మ దగ్గరికి నడిచేది.

"ఉప్పు చూసేటందుకు రెండు రొట్టెలెందుకత్తా?" అని ఒకనాడు నాయిన అడిగాడు.

"ఒక్క రొట్టెతోని ఉప్పు తెలుస్తదా?" అని అవ్వ గదిమింది.

నాయినకు ఒక కిరాయి మోటారు ఉండేది. కొత్తకోట నుంచి పాలమూరుకు మనుషుల్ని తిప్పేవాడు. అవి రజాకార్ల రోజులు. బయటి నుంచి పెట్రోలు రావడం ఆగిపోయింది. అందుకని మోటారు వెనక ఒక తొట్టి బిగించి, అందులో బొగ్గులు రాజేసి, ఆ పొగతో ఇంజను నడిపేవారు. పొగలో మసి ఉంటుంది కదా, దాన్ని వడగట్టడానికి మధ్యలో కొబ్బరిపీచు కుక్కిన రేకుడబ్బా ఒకటి.

ఆ వానకాలం మొదట్లో మోటారుకు ఆయాసం పట్టుకుంది. ఎత్తు కనిపిస్తే చాలు, దగ్గి నిలబడేది. ఎక్కినవాళ్లు కిరాయి ఇచ్చి మరీ తోసేవారు. పాలమూరులో పర్వతాలు అనే మిస్త్రీ ఇంజను మూత లేపి, చాలాసేపు చూసి, నిట్టూర్చాడు.

"పొగ డబ్బ మంచిగుందా?"

"మొన్ననే కొత్తగ నింపిన మిస్త్రీ."

"గట్లయితే ఇంజనే పోయింది. మొత్తం ఇప్పాలె. సామాను పట్నం నుంచి రావాలె."

ఆయన చెప్పిన ఖర్చుకు మా గొర్రెల మందలో సగం అమ్మితే తప్ప లాభం లేదు. బేరగాడికి ఈ వాసన ఎట్లా తగిలిందో, తెల్లారేసరికి వాకిట్లో నిలబడి గొర్రెల నడుములు తడుముతున్నాడు. చూడి గొర్రెలే ముందు కావాలన్నాడు. అవి పోతే వచ్చే ఏడు పిల్లలూ లేవు, మందా లేదు.

అవ్వ బయటికొచ్చింది. "ఇంకొకల్లను అడుగుదాం."

"పాలమూరుల ఇంకో మిస్త్రీ లేడత్తా!"

"మిస్త్రీ ఎందుకు? మన బీరన్న లేడా?"

బీరన్న గొర్రెల వైద్యుడు. ఆయనకు తెలిసిన వైద్యం ఒక్కటే. కొడవలి ఎర్రగా కాల్చి వాత పెట్టడం. కుంటినా వాతే, దగ్గినా వాతే. ఆయన గొంతు వినగానే సగం గొర్రెలు రోగం నయమై పరుగెత్తేవి.

"గది గొర్రె కాదత్తా, మోటారు!"

"దమ్ము తీస్తాందా, లేదా?"

"తీస్తాంది."

"మరింకేంది? తొయ్యి."

ఊరంతా నవ్వుతూ తోసింది. బేరగాడు కూడా ఒక చెయ్యి వేశాడు. బీరన్న గుడిసె తలుపు మూసి ఉంది. అవ్వ దబదబ బాదింది. "బీరన్నా! జబ్బుదాన్ని తెచ్చినం, లే!"

ఎంతకో తలుపు తెరుచుకుంది. మాసిన గడ్డం, పీక్కుపోయిన మొహం. బీరన్న మోటారు చుట్టూ తిరిగాడు. మూతకు చెవి ఆనించి విన్నాడు.

"మేత ఏం బెడ్తున్నవ్‌రా?"

"బొగ్గులు," అన్నాడు నాయిన.

"బొగ్గులు తిని ఏ జీవం బతుకుతదిరా? పాపం గాదూ?" అని కసిరి, అంతా తడిమి, రేకుడబ్బా దగ్గర చెయ్యి ఆపాడు. "గీడ ఉబ్బింది."

కొడవలి మోటారు బొగ్గుల్లోనే కాలింది. నాయిన కళ్లు మూసుకున్నాడు. డబ్బా మూత సందులో పెట్టి బీరన్న గట్టిగా నొక్కాడు. చుయ్యిమంది. గుప్పున కమురు వాసన.

"గొర్రె బొచ్చు వాసన!" బీరన్న ఎగిరి గంతేశాడు. "గిది జీవమే! ఎవడ్రా మోటారన్నది?"

అందరూ ముక్కులు మూసుకున్నారు. అవ్వ మాత్రం అల్లుడి మొహం చూసింది. నాయిన తల దించుకున్నాడు. పీచు అయితే బజారులో కొనాలి, ఇంట్లో కత్తిరించిన గొర్రె బొచ్చు కుప్పలుగా ఉంది. ఎవరికీ చెప్పకుండా అదే కుక్కాడు. వేడికీ తడికీ మసికీ అది అట్టకట్టి, లోపలే గొంగడై కూర్చుంది. ఇక ఇంజనుకు గాలెక్కడిది?

దాన్ని పీకి పీచు పెట్టగానే మోటారు ఊరదిరేటట్టు అరిచింది. బేరగాడు ఎప్పుడు జారుకున్నాడో ఎవరూ చూడలేదు.

ఇంటికొచ్చాక నాయిన అడిగాడు. "అత్తా, బొచ్చు సంగతి నీకు ముందే ఎరుకనా?"

"నాకేమెరుక?"

"మరి బీరన్న ఎందుకు యాదికొచ్చిండు?"

"సంఘంల తిరుగుతాండని నిజాం పోలీసులు కొడుకును జైల్ల ఏసినప్పటి సంది ఆయన తలుపు తీస్తలేడు. ఊకెనే పోయి 'తిను, లే' అంటే లేస్తడా? పని ఉన్నదంటే లేస్తడు."

"మోటారు బాగు కాకుంటే?"

"గొర్లను అమ్ముతుంటిమి. మిస్త్రీ మాట నేను నమ్మలేదనుకున్నవా?"

అవ్వ అప్పటికే కూర గిన్నె, రెండు రొట్టెలు పట్టుకుని బయల్దేరింది. సత్తమ్మ ఇంటి కప్పు మీద పొయ్యి పొగ లేచి ఎన్నాళ్లయిందో, నాయిన అప్పుడు చూశాడు.

ఆ వారంలోనే బీరన్నను జైల్లో కొడుకుతో ములాఖత్‌కు పాలమూరు తీసుకుపోయారు. గడ్డం గీయించుకుని, తలపాగా చుట్టి, ముందు సీట్లో దర్జాగా కూర్చున్నాడు. వెనక అవ్వా, సత్తమ్మా. ఎత్తు రాగానే బీరన్న మోటారు మీద చెయ్యి వేసి, చెవి ఒగ్గి విన్నాడు.

"సైదులూ, జర మెల్లగ పోనియ్యి. గిది చూడి కట్టినట్టున్నది."

నాయిన నవ్వు ఆపుకోలేక వెనక్కి చూశాడు. అత్త ఇక సత్తమ్మను అడగక మానదని ఎదురుచూశాడు.

అవ్వ ఎవర్నీ అడగలేదు. "బీరన్న చెప్పిండు గదా అల్లుడా," అన్నది, "మెల్లగనే పోనియ్యి."