ఆసారం ఎక్కడ?

2022 జూన్. కోయంబత్తూరుకి ఉత్తరాన తుడియలూరులో, ఒక పంపుల వర్క్‌షాపు మేడ మీద నా ఆఫీసు. కింద లేత్ మెషీన్ తిరిగినంతసేపూ పైన నా టేబులు మీద పెన్సిళ్ళు వాటంతటవే దొర్లుతుంటాయి. ఆర్కిటెక్టు కదా, అద్దాల ఆఫీసు ఉంటుందనుకుని వచ్చేవాళ్ళు మెట్ల దగ్గరే ఆగి బోర్డు మళ్ళీ చదువుకుంటారు. నాతో పనిచేసేవాళ్ళలో ఇద్దరు ఇక్కడ కూచుంటారు. మూడో అతను శ్రీకాంత్, సొంతూరు గుంటూరు జిల్లా, కూచునేది హైదరాబాదులో. మేమిద్దరం ఎదురెదురుగా కలుసుకున్నది రెండే రెండుసార్లు.

అతని పని బిమ్ మోడలింగ్. వెనకటికి ప్లాను ఒక కాగితం, ఎలివేషను ఒక కాగితం, కరెంటు లైన్లు ఇంకో కాగితం. బిమ్ పద్ధతిలో ఇల్లంతా ముందు కంప్యూటరులోనే ఒకసారి కట్టేస్తాం. అందులో గోడ ఒకటి జరిపితే కిటికీ, పైపు, బీము అన్నీ దానితోపాటు సర్దుకుంటాయి. తుడియలూరులో నేను తెరిచిన ఇంటినే హైదరాబాదులో శ్రీకాంత్ కూడా అప్పటికప్పుడు తెరవగలడు. తప్పు చేస్తే అదీ అంతే చురుగ్గా అన్ని కాగితాల్లోకీ పాకుతుంది. ఆ ముచ్చట అన్నూరు ఇంటి దగ్గర తీరింది.

మా కింద వర్క్‌షాపు యజమాని మోహన్ అన్న సొంతూరు అన్నూరు. ముగ్గురు అన్నదమ్ముల్లో పెద్దవాడు. తమ్ముళ్ళిద్దరికీ తిరుప్పూరులో బనియన్ల వ్యాపారం. అందరూ ఉండేది ఒకే పాత ఇంట్లో, కానీ దాని దూలాలకి చెద పట్టింది. కూల్చాలని అందరూ ఒప్పుకున్నారు. తరవాత ఏమిటన్న దగ్గరే పేచీ వచ్చింది. వాళ్ళమ్మ సుబ్బమ్మాళ్ అవ్వ ఆ స్థలంలోనే అందరికీ కలిపి ఒకే ఇల్లు కట్టమంటుంది. కొడుకులూ కోడళ్ళూ టౌనులో మూడు ఫ్లాట్లు చూసి పెట్టుకున్నారు.

"చూడు చిత్రా," అన్నాడు మోహన్ అన్న, ఉన్న మాట దాచకుండా. "అమ్మ కోసరం ఒక్కసారి చూస్తాము. నీ డ్రాయింగ్ చూసి మా ఇంటి ఆడవాళ్ళు శరి అంటే ఒకే ఇల్లు. వద్దంటే ఫ్లాట్లే. ఆదివారం ముడిచేస్తాము. అప్పురం నన్ను ఏమీ అడగకు." ముడిచేయడం అంటే తేల్చెయ్యడం, అప్పురం అంటే తరవాత; మా తెలుగులో తమిళం ఇలాగే కలుస్తుంది.

అవ్వకి డెబ్బై దాటాయి. మా వైపు తెలుగువాళ్ళలో చాలామందిలాగే ఆమెకీ ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం. తెలుగు అక్షరం చూపిస్తే జిలేబీ అంటుంది. నేను మాత్రం ఎంత? విశాఖలో ఆర్కిటెక్చర్ చదివేటప్పుడు బస్సు బోర్డుల మీద అఆలు దిద్దుకున్నదాన్ని. అక్కడ నేను "వస్తుండాను" అన్నప్పుడల్లా క్లాసంతా నవ్వేది. ఆ రోజులనుంచీ ఆంధ్రవాళ్ళ తెలుగు నా తెలుగుకన్నా ఒక మెట్టు పైనని నా మనసులో పాతుకుపోయింది. నా తప్పు అక్కడే మొదలైంది.

మోహన్ అన్న "అన్నూరు ఇల్లు" అని వాట్సాప్ గ్రూపు పెట్టి ఇంట్లో అందర్నీ చేర్చాడు. అవ్వ అందులో వారంలో పదకొండు వాయిస్ నోట్లు పంపింది. ఆ వారం నేను మదురైలో ఒక కల్యాణ మండపం సైటులో, స్లాబు కాంక్రీటు పనిలో ఉన్నాను. కాంక్రీటు మిక్సరు పక్కన నించుని వాయిస్ నోటు వినేదెవరు? నాకన్నా మంచి తెలుగు వచ్చినవాడు కదా అని పదకొండూ శ్రీకాంత్‌కి పంపేసి, "తెలుగే కదా, విని మోడల్ మొదలుపెట్టు" అన్నాను. అతను వాటిని మాటల్ని అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేరులో వేసి, ఏమేం కావాలో జాబితా రాసుకున్నాడు. శుక్రవారం రెండర్ పంపాడు. రెండర్ అంటే కట్టని ఇంటికి తీసిన ఫోటోలాంటి బొమ్మ. ఎర్ర పెంకుల వాలు, తెల్ల గోడలు, ముచ్చటగా ఉంది. బొటనవేలు గుర్తు కొట్టాను. లోపలి ప్లాను తెరవలేదు. ఇది చదివే ఆర్కిటెక్చర్ విద్యార్థులు ఎవరైనా ఉంటే నన్ను ఇక్కడ నిక్షేపంగా తిట్టుకోవచ్చు.

ఆదివారం పొద్దున వాళ్ళ పాత ఇంట్లో ముందు గదిలోనే అందరం కూచున్నాం. టీవీకి లాప్‌టాప్ తగిలించాను. శ్రీకాంత్ వీడియో కాల్‌లో ఉన్నాడు. అవ్వ కళ్ళకి వీఆర్ హెడ్‌సెట్ కట్టాను. దాన్ని పెట్టుకుంటే మోడల్‌లోని ఇల్లు నిలువెత్తున చుట్టూ కనబడుతుంది, తల తిప్పిన వైపు చూడొచ్చు. ఆమె చూసేదే మాకు టీవీలో కనబడుతుంది.

"అమ్మిణీ, జట్కా గుర్రానికి కట్టినట్టు కట్టినావే," అంది అవ్వ. అమ్మిణి అని మా వైపు ఆడపిల్లల్ని ముద్దుగా పిలుస్తారు. అందరూ నవ్వారు. మోడల్‌లో గేటు దాటి మెట్ల దగ్గరకి వచ్చింది. అక్కడ వరసగా మూడు కుళాయిలు, కింద తొట్టి.

"ఇది ఏమిటికి? మనము ఏమన్నా చావింటికి పోయి వస్తుండామా, కాళ్ళు కడుక్కొని లోపలికి పోయేదానికి?"

మళ్ళీ నవ్వులు. నేనూ నవ్వాను. వాకిలి తెరుచుకుంది. లోపల సన్నటి నడవా. ఎడమవైపు గదిలో గోడనుంచి గోడకి దండేలు కట్టి ఉన్నాయి. కుడివైపు ఒక చిన్న వంటగది, దాని వెనక ఇంకో పెద్ద వంటగది. ఎదురుగా చిన్నపాటి గుడంత పూజగది. నా నవ్వు ఆగిపోయింది. అవ్వ తల ఇటు తిప్పింది, అటు తిప్పింది.

"ఆసారం యాడ?"

"ఇదంతా ఆచారమేనమ్మా!" శ్రీకాంత్ సంబరంగా అందుకున్నాడు. "ఇల్లు మొత్తం ఆచారంతోనే చేశాను."

"ఇల్లు మొత్తమూ ఆసారమా? నాకు గోడలే కనబడతాయి సామీ."

"గోడలు లేకపోతే ఆచారం ఎలా నిలుస్తుందమ్మా?"

"గోడలు ఉంటే ఆసారంలో నలుగురు ఎట్లా కూచునేది?"

"ఆచారంలో కూచోవడమేంటమ్మా?"

ఇద్దరూ పట్టు వదలడం లేదు. నేను అడ్డుపడేలోగా పెద్ద కోడలు సుమతి టీవీ దగ్గరగా వచ్చి నించుంది. "వెనకాల ఆ చిన్న రూము ఏమిటికి? దానికి వేరే వాకిలి ఏమిటికి?"

శ్రీకాంత్ నీళ్ళు నమిలాడు. "అది... ఆడవాళ్ళకి ఆ మూడు రోజులకీ మేడమ్. అమ్మగారు ముగ్గురు కోడళ్ళూ ఆచారంలోనే ఉండాలన్నారు కదా."

సుమతి వెనక్కి తిరిగింది. "అత్తా, దీనికా మీరు ఒకే ఇల్లు కావాలంటిరి?"

అవ్వ హెడ్‌సెట్ లాగేసింది. జుట్టు చెదిరింది. "నేనెప్పుడు అంటిని? నా మొగము చూసి చెప్పు సుమతీ. ఈ ఇంటికి వచ్చిన నాటినుంచి నిన్ను ఒక్క నాడన్నా దూరం కూచోబెట్టితినా?"

మోహన్ అన్న లేచి నించున్నాడు. "శరి, ఫ్లాట్లే చూసుకుందాము. నిన్ను ఏమీ అనను చిత్రా. కానీ ఇది జరగదు."

నాకు సిగ్గేసింది. కాంట్రాక్టు పోతుందని కాదు. ముగ్గురు కోడళ్ళనీ ఒకచోట కూచోబెట్టుకోవాలన్న ముసలావిడని, నా బద్ధకం వాళ్ళని వెలివేసే అత్తని చేసి టీవీలో చూపించింది. గబగబా ఫోను తీసి ఆమె వాయిస్ నోట్లు ఒక్కొక్కటే వెతికాను. నాలుగోది దొరికింది. టీవీ స్పీకర్లో పెట్టాను.

"ఇదో చూడు అమ్మిణీ. నాకు వేరే ఏమీ వద్దు. ఆసారం రొంబ పెద్దదిగా ఉండాల. మా మామగారి కాలంలో ఉన్నట్టే ఉండాల. ఆసారం లేక ఇల్లు ఇల్లా? ముగ్గురు కోడండ్లూ పొద్దుమూకితే ఆసారంలోనే ఉండాల, ఒకత్తె తప్పినా నేను ఒప్పుకోను."

చిన్న కోడలు ఫక్కున నవ్వింది. ఆ నవ్వు రెండో కోడలికి అంటుకుంది. నేను లాప్‌టాప్ ఎత్తి కెమెరాని చుట్టూ తిప్పాను. నాలుగు చెక్క స్తంభాలు, నున్నటి నాపరాళ్ళు, గోడవారగా బల్ల, అందరం కూచున్న ఆ పొడవాటి ముందు గది.

"శ్రీకాంత్, మేము కూచున్నది ఆసారంలోనే. మా కోయంబత్తూరు వైపు, కొంగు దేశంలో, ఇంటి ముందు గదిని ఆసారం అంటాం."

"హాలా మేడమ్?"

"హాలే నాయనా!"

"మా అమ్మమ్మ కూడా ఆచారాన్ని ఆసారమనే అంటుంది మేడమ్. సాఫ్ట్‌వేరు కూడా ఆచారమనే రాసింది. పెద్దావిడకి నోరు తిరక్క అలా అన్నారనుకున్నా."

"ఎవరికి నోరు తిరగంది?" అంది అవ్వ.

సాఫ్ట్‌వేరుకి మా మాట తెలియదు. శ్రీకాంత్‌కి తెలిసే దారి లేదు. పుట్టినప్పటినుంచీ తెలిసినదాన్ని నేను. విని ఉంటే ఒక్క నిమిషంలో తేలిపోయేది.

మోహన్ అన్న మళ్ళీ కూచున్నాడు. "శరి, ఒక గంట ఇస్తాను," అన్నాడు.

ఆ గంట నా వృత్తి జీవితంలోకెల్లా మంచి గంట. "గోడలు తియ్యి సామీ," అని అవ్వ అనడం, హైదరాబాదులో శ్రీకాంత్ మీట నొక్కడం, అన్నూరులో టీవీలో గోడ మాయం కావడం. దండేల గది పోయింది. చిన్న వంటగది పోయింది. కాళ్ళు కడిగే తొట్టి పోతే చప్పట్లు కొట్టారు. ఇరవైనాలుగు అడుగుల పొడవున ఆసారం తేలింది.

"ఎన్ని ఆకులు పడతాయి?" అని అడిగింది అవ్వ.

అడుగులూ మీటర్లూ ఆవిడకి పట్టవు. గది ఎంతో తెలియాలంటే భోజనానికి ఎన్ని అరిటాకులు వెయ్యొచ్చో చెప్పాలి. నేను ఐదేళ్ళు చదివిన కాలేజీలో ఇంత మంచి కొలత ఎవరూ చెప్పలేదు. ఆకుకి రెండడుగులు లెక్కేసి, శ్రీకాంత్ ఒక అరిటాకు బొమ్మ గీసి, ఎదురెదురుగా రెండు వరసలు పరిచాడు. అవ్వ టీవీ మీద వేలు పెట్టి లెక్కపెట్టింది.

"ఇరవైనాలుగే. ముప్పై పడాల."

పూజగది గోడ ఆరడుగులు వెనక్కి జరిగింది. ముప్పై ఆకులు పడ్డాయి. వెంటనే తెర మీద ఎర్ర గుర్తు వెలిగింది. దాన్ని క్లాష్ అంటాం, ఒక వస్తువు ఇంకోదానికి అడ్డం పడితే కంప్యూటరు పెట్టే కేక. చూస్తే, పైన బాత్రూము పైపు సరిగ్గా పంతొమ్మిదో ఆకు మీదికి దిగుతోంది.

"ఆ ఆకులో మా తిరుప్పూరు సంబంధిని కూచోబెడతాము," అన్నాడు మోహన్ అన్న, వియ్యంకుణ్ణి తలుచుకుని. అవ్వ కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. పైపుని గోడలోకి తోసేశాం.

నవ్వనిది సుమతి ఒక్కతే. స్తంభానికి ఆనుకుని నించుని చూస్తోంది.

"ఆ వెనక గది కూడా తీసేస్తున్నాను మేడమ్," అన్నాడు శ్రీకాంత్, చేసిన పాపం కడుక్కునే తొందరలో.

"ఉండండి," అంది సుమతి. "అది తియ్యొద్దు."

అందరం అటు తిరిగాం.

"నాకు ఆ వేరే వాకిలి కావాల. టౌనులో మేము చూసిన ఫ్లాట్‌లో ముందు రూముకు వేరే వాకిలి ఉండాది. దానికోసరమే నేను ఫ్లాట్ అంటిని. పదేండ్లుగా వంటింట్లో కూచోబెట్టుకొని పిల్లలకు లెక్కల ట్యూషన్ చెప్తుండాను. కుక్కరు విజిలు వేస్తే నేను ఆపాల, ఎవరన్నా ఇంటికి వస్తే పిల్లల్ని లేపాల. వాళ్ళు నేరుగా వచ్చి నేరుగా పోయేదానికి ఒక రూము ఉంటే చాలు నాకు."

ఆ ట్యూషన్ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. దానికి ఒక గది కావాలని ఎవరికీ తట్టలేదు. అవ్వ నోరు తెరుచుకుని చూసింది. "ఇది ముందే చెప్పకూడదా సుమతీ?"

"ఎవరు అడిగిరి అత్తా?"

ఆ మాట అవ్వతో అంది కానీ తగిలింది నాకు. గ్రూపులో కోడళ్ళు ముగ్గురూ ఉన్నారు. పదకొండు నోట్లూ అవ్వవే. మిగతావాళ్ళు నమస్కారం బొమ్మలు పెట్టి ఊరుకున్నారు. ఆ బొమ్మలు చూసి వాళ్ళు ఒప్పుకున్నారనుకున్నాను.

శ్రీకాంత్ ఏమీ అడక్కుండానే ఆ గదిని రెండింతలు చేశాడు. తూర్పు గోడకి రెండు పెద్ద కిటికీలు పెట్టాడు, బోర్డుకి నిండు గోడ వదిలాడు. గది పేరు చెరిపి "సుమతి" అని తెలుగులో టైపు చేశాడు. ఆమెకి తెలుగు చదవడం రాదు. ఏమి రాశారని నన్ను అడిగింది, చెప్పాను. కొంచెంసేపు ఆ అక్షరాలవైపే చూసింది.

"అయితే ఫ్లాట్?" అన్నాడు మోహన్ అన్న నెమ్మదిగా.

"ఎవరికి కావాల ఫ్లాట్?" అంది సుమతి.

అవ్వ లేచి వెళ్ళి సుమతి పక్కన నించుంది.

ఆ ఇల్లు లేచి ఇప్పుడు అందులో అందరూ ఉంటున్నారు. నేను నేర్చుకున్నది పెద్ద విషయమేమీ కాదు. కొత్త పని రాగానే ఆ ఇంటివాళ్ళ వాట్సాప్ గ్రూపు తెరిచి ఎవరు మాట్లాడారో కాక ఎవరు మాట్లాడలేదో చూస్తాను. బండి వేసుకుని వాళ్ళ దగ్గరికి వెళ్ళి, కాఫీ ఇచ్చేదాకా కూచుని, ఒక్కొక్కరినీ అడుగుతాను. ఆ ఆదివారం ఇంట్లో ఉన్న క్లాష్‌లన్నీ కంప్యూటరు ఎర్రగా వెలిగించి చూపించింది. సుమతి పదేళ్ళ అవస్థ మాత్రం నేను అడిగి తెలుసుకోవలసింది.