పక్కింటి తలుపుకు రేగుపండ్లు

నా చిన్నప్పుడు, నిజాం పాలన పోయి ఐదారేళ్లయిన రోజుల్లో, మేం వికారాబాదులో అద్దెకుండేవాళ్లం. మాది పెద్దేముల్ వైపు పొలాలున్న కుటుంబం. నా చదువు కోసం ఊరు విడిచి వచ్చాం. పక్కింట్లో ఒక టీచరమ్మ, వాళ్లమ్మ ఉండేవారు. టీచరమ్మను నేను అక్కా అని పిలిచేదాన్ని. వాళ్లు క్రైస్తవులు. వాళ్లింట్లో మంచినీళ్లు కూడా ముట్టొద్దని మా నానమ్మ కట్టడి. ఆ కట్టడి నాకు భలే గొప్పగా అనిపించేది.

క్రిస్మస్ ముందురోజు అక్క రేగురెమ్మలను పండ్లతో సహా గుండ్రంగా వంచి, చుట్టులా కట్టి తలుపుకు తగిలించింది. ఎర్రగా మగ్గిన పండ్లు చూస్తే నోరూరింది. అక్క బజారుకు పోగానే వెళ్లి ఒకటి తెంపాను. ఒకటితో ఆగే నోరా నాది! మొత్తం ఖాళీ చేసి, గింజలు వాళ్ల వాకిట్లోనే ఉమ్మి వచ్చాను.

సాయంత్రం అక్క పళ్లెం నిండా గరిజెలు తెచ్చింది.

"తీస్కో చెల్లె, పండుగకు చేసిన."

"మీ ఇంటివి మేం తినం" అన్నాను, గడప లోపలే నిలబడి.

"మంచిగ చెప్పినవ్ బిడ్డా" అంటూ నానమ్మ లోపలికి వెళ్లింది.

అక్క ముఖం చిన్నబోయింది. తర్వాత నా చేతులు చూసింది. వేళ్లన్నీ గీరుకుపోయి, బొటనవేలిలో ముల్లు విరిగి ఉంది.

"ఇటు రా, తీస్త" అని వాళ్ల మెట్టు మీద కూర్చోబెట్టి పిన్నీసుతో మెల్లగా తీసింది. తీస్తూనే చెప్పింది. "గా ముండ్లు ప్రభువు నెత్తిన పెట్టిన కిరీటానికి గుర్తు. ఎర్రపండ్లు ఆయన కార్చిన నెత్తురు. అందరి కోసం కార్చిండు చెల్లె, వీళ్లు వాళ్లని చూడలే."

అంతలో వాళ్లమ్మ బయటికొచ్చి తలుపు చూసి, "పండ్లేవి బిడ్డా?" అంది.

"పిట్టలు తిన్నట్టున్నయమ్మా. తిననియ్యి."

గింజలు మా ముగ్గురి కాళ్ల దగ్గరే పడి ఉన్నాయి. తల ఎత్తలేకపోయాను. మర్నాడు పండుగకు వచ్చినవాళ్లందరికీ ఆ తలుపు మీద ఒట్టి ముళ్లే కనిపించాయి.

తిన్నది నేనేనని చెప్పే ధైర్యం నాకు రాలేదు. 'మీ ఇంటివి తినం' అన్నందుకు తప్పయిందని చెప్పడానికి అసలే రాలేదు. ఆ వేసవిలో అక్కను తాండూరు బడికి మార్చారు. మళ్లీ చూడలేదు.

ఇప్పటికీ ఎవరింట్లో ఏది పెట్టినా కాదనకుండా తింటాను. ఈమెకు పట్టింపుల్లేవని అందరూ మెచ్చుకుంటారు. మెచ్చుకున్నప్పుడల్లా సిగ్గుతో చచ్చిపోతాను.