ఎలిజబెత్ తుంటి

ఎలిజబెత్ పదహారేళ్లు నాచారంలో ఒక దవాఖానాలో ఆపరేషన్ దుప్పట్లు ఉతికింది. ఏ ఆపరేషన్‌కు ఎంత నెత్తురు పోతుందో ఆమెకు బాగా తెలుసు. అందుకే 1978లో, కీళ్లవాతం ముదిరిన కుడి తుంటి మార్చాలని పట్నం పెద్దాసుపత్రిలో డాక్టర్ అచ్యుతరావు చెప్పగానే ఆమెకు ఆ దుప్పట్లే గుర్తొచ్చాయి.

ఆయన ఎక్స్‌రే చూపించాడు. "తొడ ఎముక గుండు తిరిగే గిన్నె ఇది. అరిగి కాగితంలా పలచబడింది. ముందు దీన్ని గట్టిచేస్తేగాని కొత్త గిన్నె నిలవదు."

"గట్టిపడకపోతే, సారూ?"

"అది లోపల చూస్తేగాని తెలీదు" అని ఆయన ఎక్స్‌రే కవర్లో పెట్టేశాడు.

ఇంటికొచ్చి భర్తతో, "నేను బోను. కుంటుకుంటనే బతుకుత" అంది.

మౌలాలి రైల్వే షెడ్డులో పనిచేసే అబ్బయ్య తలొంచుకున్నాడు. "దొడ్డికి గూడ నేనే ఎత్తుకపోతున్న గదనే. నాకు సాతగాకపోతే ఎట్ల?"

మర్నాడు పొద్దున ఆమే, "పా, దవాఖానకు పోదాం" అంది.

ఆపరేషన్ రోజు పొద్దున వెన్నులో సూది వేశారు. నడుం కింద మొద్దుబారింది గాని మెలకువ పోలేదు. ముఖం ముందు ఆకుపచ్చ గుడ్డ అడ్డం కట్టారు. రంపం కోస్తున్న చప్పుడు, తర్వాత సుత్తి దెబ్బలు. ఒక్కో దెబ్బకు బల్లతోపాటు ఆమె తల అదిరింది. ఉన్నట్టుండి అన్నీ ఆగిపోయాయి. డాక్టర్లు ఇంగ్లిషులో గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు. "నో బోన్" అన్నది మాత్రం ఆమెకు అర్థమైంది. చిన్నప్పట్నుంచి నోటికి వచ్చిన ప్రార్థన రెండో మాట దగ్గరే తెగిపోయింది.

"ఏందమ్మా, సప్పుడు లేదు? నేను సస్తున్ననా?" అని తలదగ్గర నిలబడ్డ నర్సు శారద చెయ్యి గోళ్లు దిగేలా పట్టుకుంది.

అడ్డం వెనకనుంచి అచ్యుతరావు గొంతు వినిపించింది. "భయపడకు ఎలిజబెత్. గిన్నె అడుగు చిల్లిపడింది. మేం కోసి తీసిన గుండు నీ ఎముకే కదా, దాన్నే ముక్కలు చేసి చిల్లి పూడుస్తున్నాం. దానిమీద కొత్త గిన్నె సిమెంటుతో అతికిస్తాం. ముక్కలు కలిసి ఒకటయ్యేదాకా ఆ కాలు నేల మోపకూడదు."

మూడు నెలలు మోపలేదు. తుమ్మొస్తే కూడా లోపల ముక్కలు కదిలాయేమోనని ఊపిరి బిగబట్టేది. ఎక్స్‌రేలో ఎముక కలిసిందని చెప్పాక చంక కర్రలతో మొదటి అడుగు వేయమన్నారు. "ఇరుగుతది సారూ" అని ఏడ్చింది. విరగలేదు.

ఆ ఏడాది చివర మళ్లీ పనికి వెళ్లింది, ఉతకడానికి కాదు, కూర్చుని దుప్పట్లు మడతపెట్టడానికి. నొప్పి పోయింది. బెదురు పోలేదు. వానాకాలం ఉప్పల్ రోడ్డు దాటాలంటే ఇప్పటికీ అబ్బయ్య భుజం గట్టిగా పట్టుకుంటుంది.