మునిరత్నంగారు కాలితో నెట్టేసిన ఫోమ్ ముక్క

2023. బెంగళూరు కుందలహళ్ళిలోని ఒక చిన్న ల్యాబ్‌లో నేను మైక్రోబయాలజిస్టుని. సోఫాల్లో, పరుపుల్లో ఉండే పాలీయురెథేన్ ఫోమ్ పారేస్తే ఏళ్ల తరబడి అలాగే పడి ఉంటుంది. దాన్ని తినే సూక్ష్మజీవిని వెతకడం నా పని. మూడు నెలలైనా, సూక్ష్మజీవుల్ని పెంచే నా ల్యాబ్ ప్లేట్లలో ఏమీ పెరగలేదు. ఇంకో రెండు నెలలు చూసి ప్రాజెక్టు మూసేస్తామని మా డైరెక్టర్ చెప్పేశారు. నేనేమో దానిమీదే ప్రాణం పెట్టుకున్నాను.

ఆ జీవిని వెతకడానికి మాకు పాత ఫోమ్ ఇచ్చేది మారతహళ్ళిలో సోఫాలు బాగుచేసే మునిరత్నంగారు. అడిగినప్పుడల్లా దులిపి, నీట్‌గా కోసి, కవర్లో పెట్టి ఇచ్చేవారు. వాటిని నేను మళ్ళీ స్పిరిట్‌తో తుడిచేదాన్ని. శుభ్రమంటే ఇద్దరికీ అంత భక్తి.

ఒకరోజు నేనే షాపుకు వెళ్ళాను. వెనక షెడ్డులో, కప్పు కారే మూలన నల్లబడ్డ పరుపు ముక్కను ఆయన కాలితో చాటుకు నెట్టేశారు. అదేమిటని అడిగాను.

"దాన్ని ముట్టద్దమ్మా. కుళ్ళిపోయుండాది. పట్టుకుంటే పొడి అయితాది."

పొడి అవుతోందంటే, దాన్ని ఏదో తింటూ ఉండవచ్చు! ఇన్నాళ్ళూ ఇది ఎందుకివ్వలేదని కాస్త కోపంగానే అడిగాను.

"చదువుకున్నోళ్ళకి చెత్త ఇస్తే మర్యాదగా ఉంటాదా అమ్మా?"

ఇంకేం కోప్పడతాను? వెతుకుతున్నదాన్ని స్పిరిట్ పోసి చంపుకుంటున్నది నేనే కదా! ఆ ముక్కను డబ్బాలో వేసి, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నాను.

ఉత్త తడికి కూడా ఫోమ్ పొడి కావచ్చు, అందుకని తొందరపడలేదు. పాలీయురెథేన్ కలిపి పాలలా తెల్లగా చేసిన ప్లేట్ మీద ఆ ముక్కలోని సూక్ష్మజీవుల్ని వేశాను. పక్కన ఏమీ వేయని ప్లేట్ ఉంచాను, పోల్చి చూసుకోవడానికి. దాన్ని కంట్రోల్ అంటాం. పదకొండో రోజు పొద్దున ప్లేట్‌ను వెలుతురుకెత్తి చూస్తే, సూక్ష్మజీవులు పెరిగిన ఒక మచ్చ చుట్టూ తెలుపు పోయి తేటగా ఉంది! కంట్రోల్ తెల్లగానే ఉంది. ఆ తేట భాగం పేరు క్లియర్ జోన్. అక్కడి ప్లాస్టిక్‌ను జీవి కరిగిస్తోందని గుర్తు. ల్యాబ్‌లోనే గంతులేశాను. మూడుసార్లు మళ్ళీ చేసినా అదే వచ్చింది. ప్రాజెక్టు మూతపడకుండా నిలిచింది.

ఫోటో చూపించడానికి మునిరత్నంగారి దగ్గరికి పరుగెత్తాను. షెడ్డులోని ఫోమంతా ఎన్ని రోజుల్లో తింటుందని అడిగారు. గోరంత ముక్కకే నెలలు పడుతుందని, ఇది మొదలు మాత్రమేనని ఉన్నమాట చెప్పాను. ఆయన ఫోన్‌ను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారు.

"పోనీలేమ్మా, తినేది నేర్చుకొనుండాది కదా."

అప్పటినుంచి శాంపిల్ ఇచ్చేవాళ్ళకు ముందే చెబుతాను, మీకు ఇవ్వడానికి సిగ్గుగా ఉన్నదే ఇవ్వండని. మొన్న షాపు అద్దెకిచ్చిన ఓనరు షెడ్డు కప్పు బాగుచేయిస్తానంటే, కారే ఆ ఒక్క మూల మాత్రం వదిలేయమన్నారట మునిరత్నంగారు.