ఎర్రబడ్డ ఉత్త నీళ్లు

అద్దకం రంగుల ఫ్యాక్టరీలో ఆయన్ని అందరూ చుక్కలాయన అంటారు. పొద్దస్తమానం గాజు గొట్టాల్లోకి చుక్కలు వేయడమే ఆయన ఉద్యోగం మరి. తయారైన రంగులో ఎమీన్లనే పదార్థాలు మిగిలిపోతే ఒంటికి చేటు. అందుకని ప్రతి నమూనాలోనూ ఓ రసాయనం కలిపి చూస్తాడు. ఎమీన్లుంటే గొట్టం ఎర్రబడుతుంది, ఎంత ఎక్కువుంటే అంత ముదురుగా. పోల్చుకోవడానికి పక్కనే ఉత్త నీళ్ల గొట్టం ఒకటి పెడతాడు. అది మాత్రం ఎర్రబడకూడదు.

ఓ ఆదివారం బస్సులో ఒకావిడ లేచి, "కూర్చోండి తాతగారూ" అంది. చూడబోతే ఆవిడకీ ఆయన వయసే. ప్రాణం చివుక్కుమంది. తిన్నగా దుకాణానికి వెళ్లి, చౌకలో దొరికిన తలరంగు తెచ్చుకుని, స్నానాలగదిలో గడియ పెట్టుకున్నాడు. బయటికొచ్చేసరికి భార్య ఎగాదిగా చూసింది.

"కొత్త నూనె. భలే పనిచేస్తోంది" అన్నాడు.

తెల్లారి ఆవిడ దిండు ఎత్తి చూపించింది. "ఇది కూడా నల్లబడిందండీ. దీనికీ వయసు తగ్గుతోందా?"

వినబడనట్టు బ్యాగు తగిలించుకుని బయటపడ్డాడు.

ఆ రోజే ఉత్త నీళ్లు ఎర్రబడ్డాయి. నీళ్లు మార్చాడు, ఎర్రబడ్డాయి. కొత్త రసాయనం సీసా విప్పాడు, ఇంకాస్త ఎర్రబడ్డాయి. గొట్టాలు కడిగినవాళ్లని తిట్టాడు, నీళ్ల యంత్రాన్ని తిట్టాడు. ప్రయోగశాల ఆఫీసరమ్మ, పరీక్ష తేలేదాకా కదలడానికి వీల్లేదని సరుకు లారీని గేటు దగ్గరే ఆపించింది.

ఎదురు బల్ల మీద పనిచేసే కెమిస్టుది నున్నటి గుండు. అతను అదే నీళ్లు, అదే రసాయనం తీసుకుని తన గొట్టంలో కలిపాడు. తేటగా ఉండిపోయింది.

"నా చేతి చలవ గురువుగారూ!" అన్నాడు పళ్లికిలించి.

చుక్కలాయనకి తిక్క రేగింది. ఆలోచన తెగనప్పుడల్లా చేసినట్టే, తొడుగున్న చేత్తోనే తల బరుక్కున్నాడు. గొట్టాన్ని వేలితో మూసి కుదపడానికని ఆ చెయ్యి దాని మూతి మీదకి వెళ్లబోయి మధ్యలో ఆగిపోయింది. ఒకసారి వేలి వంక, ఒకసారి ఆ గుండు వంక చూశాడు. తలరంగులో ఉండేదీ ఎమీన్ల కుటుంబమే కదా! వేలు నీళ్లలో జాడించి రసాయనం వేశాడు. గొట్టం నెత్తురులా ఎర్రబడింది.

వెనకనుంచి ఆఫీసరమ్మ గొంతు: "దొరికిందా? ఎక్కడుంది దోషం?"

అబద్ధమాడదామా అనుకున్నాడు. గేటు దగ్గర లారీ గుర్తొచ్చింది.

"నా నెత్తిమీదుందండీ" అన్నాడు.

గుండాయన నవ్వాపుకోలేక బల్ల కింద దూరాడు. ఆఫీసరమ్మ మాత్రం పెదవి బిగబట్టి, నెత్తికి గుడ్డ చుట్టించి, పరీక్షలన్నీ మళ్లీ చేయించింది. సరుకులో ఏ లోపమూ లేదు. లారీ కదిలింది.

"ఇకనుంచి తలకి రంగేసుకున్నవాళ్లు టోపీ లేకుండా లోపలికి రాకూడదు" అని ఆర్డరు వేసింది. "రంగు వేసుకునేవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?" అంటే ఒక్క చెయ్యీ లేవలేదు.

మర్నాడు పొద్దున్న గుండాయన తప్ప ప్రయోగశాలంతా టోపీలే. అందరికంటే ముందు పెట్టుకొచ్చింది ఆఫీసరమ్మే.